బొమ్మకు ముందు పలక

(అక్రిలిక్ రంగుల కొరకు చెక్కను సిద్ధపరచు విధమును గూర్చిన ప్రసంగపాఠము)

స్టేషన్ ఘన్‌పూర్ నుండి శ్రోత యొకరు మాకొక జాబు వ్రాసినారు. వారి పాత పెంకుటిల్లు విప్పినపుడు టేకు తలుపు రెక్క యొకటి మిగిలినదట. అందులోని పలకను కోయించి, ముందువైపు తెల్లరంగు ఒక చేయి పూసి, దానిపై తమ నాయనమ్మ రూపమును అక్రిలిక్ రంగులతో చిత్రించి, సంక్రాంతినాడు నడిమింట గోడకు తగిలించినారట. వానకాలము ముగియునప్పటికి మూడు దోషములు కానవచ్చినవి. మొదటిది, తెల్లచీర వ్రాసిన చోట తేనీటి మరకవంటి పసుపు పొడసూపినది. రెండవది, పలక నిలువునా వెండ్రుకవాసి బీట పడినది. మూడవది, అడుగు అంచున రంగు ఉల్లిపొరవలె లేచుచున్నది. ఏ ఛాయాచిత్రమును చూచి ఆ బొమ్మను వ్రాసిరో అదియు చెదలపాలైనదట. "రంగు మంచిది కాదా? అంగడివారు మమ్ము మోసగించిరా?" అని వారి ప్రశ్న.

రంగు మంచిదే కావచ్చును. ఈ మూడు దోషములలో ఏదియు రంగువలన పుట్టినది కాదు. మూడును రంగు క్రిందనున్న పలకవలన పుట్టినవి. ఇట్టి జాబులు ఇతర గ్రామములనుండియు వచ్చుచుండుటచేత, చెక్కపై బొమ్మ వ్రాయదలచినవారు కుంచె పట్టుటకు ముందు చేయవలసిన పనిని ఈ ప్రసంగమున వివరింపదలచినాము. బొమ్మ ఆయువు రంగుకంటె అడుగుమీదనే ఎక్కువ ఆధారపడునని చెప్పుటయే మా ఉద్దేశము.

చెక్క యొక్క కదలిక

చెట్టును కొట్టి ఏండ్లు గడచినను చెక్క గాలిలోని తేమను పీల్చుటయు, విడుచుటయు మానదు. వానకాలమున తలుపు బిగియుట, వేసవిలో అదే తలుపు వదులగుట ఇంటింట నెరిగిన సంగతియే. అయితే చెక్క అన్ని దిక్కులకు ఒకే తీరున పెరుగదు. నార పొడవున దాని మార్పు లెక్కకు రానంత స్వల్పము. అడ్డముగా మాత్రము చాల ఎక్కువ. పచ్చి టేకు పూర్తిగా ఎండునప్పటికి చెట్టు వలయముల వెంబడి సుమారు నూటికి 6 వంతులును, మూలమునుండి బెరడు దిక్కునకు సుమారు రెండున్నర వంతులును కుంచించుకొనును. కదలిక తక్కువయని పేరుపొందిన టేకు సంగతియే యిది. ఇంతకంటె ఎక్కువ కదలు చెక్కలు పెక్కు కలవు.

ఒక చిన్న లెక్క వేసి చూతము. అడుగు వెడల్పుగల టేకు పలకలో ఎండకాలమునకును వానకాలమునకును నడుమ తేమ నూటికి 6 పాళ్లు మారినదనుకొందము. దుంగను పొరలుపొరలుగా కోయగా వచ్చిన పలక యైనచో, అది అడ్డముగా 3 మిల్లీమీటర్లకు పైగా పెరిగి తరుగును. వలయములు పలక ముఖమునకు నిటారుగా నుండునట్లు దుంగ నడిమినుండి కోసిన పలక యైనచో, అందులో సగమునకు మించదు. మూడు మిల్లీమీటర్లు మనకు స్వల్పముగా తోచవచ్చును. కాని ఆ పలక వెనుక అడ్డబద్దలు పెట్టి మేకులతో బిగించినచో, పెరుగుటకును తరుగుటకును దానికి చోటుండదు. అపుడది తన బలహీనమైన చోట నార వెంబడి పగులును. ఘన్‌పూర్ శ్రోతగారి పలక నిలువునా బీట పడుటకు ఇదియే కారణము కావచ్చును.

మరియొక సంగతి. ముందువైపు మాత్రమే పూత పూసి వెనుకవైపు విడిచిన పలకలో, తేమ వెనుకనుండి వేగముగాను ముందునుండి మెల్లగాను చొచ్చును. వెనుక ఉబ్బి, ముందు ఉబ్బనందున పలక దొప్పవలె వంగును. ఇది మన ఊరి వడ్రంగికి తెలిసిన విషయమే. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియములో నున్న మోనాలిసా చిత్రమును లియొనార్డో పాప్లర్ చెక్క పలకపై వ్రాసినాడు. ఐదు వందల యేండ్లు గడచినను ఆ పలక తేమకు కదలుచునే యున్నది. దాని పైభాగమున పూర్వమెన్నడో పడిన పగులు నేటికిని కలదు. అందుచేతనే దానిని తేమను, వేడిని అదుపులో నుంచు అద్దపు పెట్టెలో కాపాడుచున్నారు. మనకట్టి పెట్టె లేదు. కాని పలకను తగిన రీతిని సిద్ధపరచుట మన చేతిలోని పనియే.

చేర్యాల నకాషీల క్రమము

ఈ విద్యకు గురువులను దూరదేశమున వెదుకనక్కరలేదు. ఘన్‌పూర్ లో రైలెక్కి సికిందరాబాదు దిక్కునకు పోయి జనగామలో దిగి, అక్కడినుండి సిద్దిపేట మార్గమున పోయినచో చేర్యాల వచ్చును. రెండు ఊళ్లును పూర్వము వరంగల్లు జిల్లాలోనివే. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఘన్‌పూర్ జనగామ జిల్లాలోనికిని, చేర్యాల సిద్దిపేట జిల్లాలోనికిని చేరినవి. చేర్యాల నకాషీలు వ్రాసిన పటములను విప్పి చూపుచు కథకులు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, రజకులకు మడేలు పురాణమును, గౌడులకు గౌడ పురాణమును చెప్పుట మన ప్రాంతమున తరతరములుగా వచ్చుచున్న ఆచారము.

నకాషీ ఎన్నడును వట్టి బట్టపై బొమ్మ వ్రాయడు. ఖద్దరు బట్టకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, చెట్టుబంక నీరు కలిపి పట్టించును. ఒక పూత ఆరిన పిదపనే రెండవది, అది ఆరిన పిదపనే మూడవది. ఈ ముమ్మారు పూతతో బట్ట బిగిసి, తెల్లనై, నునుపెక్కును. తరువాతనే గీత, ఆ తరువాతనే ఎర్రని నేల. ముఖములను, బొమ్మలను చేయునపుడు తేలికయైన పొణికి చెక్కను గాని, రంపపు పొట్టును చింతగింజల ముద్దతో కలిపిన లప్పమును గాని వాడుదురు. మందహెచ్చులవారు గొల్లల కథ చెప్పునపుడు ఎదుట నిలుపు బొమ్మలును ఇట్టివే. నిర్మల్ లోను, కృష్ణాతీరమునకు చేరువనున్న కొండపల్లిలోను బొమ్మలవారు అదే పొణికి చెక్కను, అదే చింతగింజల లప్పమును, పైన అట్టి తెల్లపూతనే వాడుటను గమనింపవచ్చును.

ఈ పూతలో ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క పని కలదు. గంజి అడుగులోని సన్నని రంధ్రములను మూయును. అది లేనిచో రంగులోని బంకనంతను అడుగే పీల్చివేయును, పైన వట్టి పొడి మిగులును. చింతగింజల ముద్దయు చెట్టుబంకయు పట్టు నిచ్చును. సుద్ద తెల్లదనమును, రంగు అంటుకొనుటకు తగిన గరుకుదనమును ఇచ్చును. మూయుట, పట్టుట, తెల్లబరచుట అను ఈ మూడు పనులే ఎల్ల దేశముల చిత్రకారులకును అవసరమైనవి. ఇటలీ దేశమున 1400 ప్రాంతమున చెన్నీనో చెన్నీని అను చిత్రకారుడు వ్రాసిన పనిపుస్తకములోను ఇదే క్రమము కలదు. మొదట పలకకు తోలుసరేసు పట్టించుట, దానిపై నారబట్ట అతికించుట, అటుపిమ్మట జిప్సమును మొదట ముతకగాను, తరువాత సన్నముగాను పూతలు పూయుట. ఆ పూతను వారు జెస్సో అనిరి. నేటి అంగళ్లలో మన పిల్లలు కొనుచున్న డబ్బాపై నున్న మాటయు అదియే.

అక్రిలిక్ స్వభావము

పేరొకటియైనను, నేటి జెస్సో వేరు వస్తువు. 1955లో అమెరికా దేశమున లిక్విటెక్స్ అను పేర నీటితో కలుపుకొను అక్రిలిక్ జెస్సో వెలువడినది. నీటితో కలుపు అక్రిలిక్ రంగులు చిత్రకారులలో వ్యాపించినది ఆ కాలమునుండియే.

అక్రిలిక్ రంగు అనగా కంటికి కానరాని ప్లాస్టిక్ రేణువులు నీటిలో తేలుచున్న పాలవంటి ద్రవము. అందులో రంగుపొడి కలిసియుండును. నీరు ఆరిన కొలది రేణువులు దగ్గరకు చేరి, ఒకదానితో నొకటి అతుకుకొని, సాగు గుణముగల పొరగా ఏర్పడును. ఒకసారి పొరకట్టిన పిదప నీటికి కరగదు. నీటిరంగులకంటెను, నూనెరంగులకంటెను ఇది ఇంటిలో వాడుటకు అనుకూలమగుట ఈ గుణముచేతనే.

కాని ఈ గుణములోనే మనము జాగ్రత్త పడవలసిన విషయములు రెండు కలవు. మొదటిది, రంగులోని నీరు చెక్కలోనికి ఇంకి, మరల ఆరుటకు పైకి వచ్చునపుడు చెక్కలోని గోధుమవన్నె ద్రవ్యములను కరగించి తనతో పైకి తెచ్చును. నీరు గాలిలో కలిసిపోవును, వన్నె పొరలో నిలిచిపోవును. టేకులోను, ప్లైవుడ్ లోను, హార్డ్‌బోర్డులోను ఇది సామాన్యము. తెల్లచీరపై కానవచ్చిన తేనీటి మరక ఇదియే. ఇది పైనుండి పడిన మరక కాదు కనుక కడిగిన పోదు. రెండవది, అక్రిలిక్ పొర గరుకు తలమును పట్టుకొనును. నూనె, మైనము, మెరయు ఎనామెల్ ఉన్నచోట దానికి పట్టు దొరకదు. పాత తలుపు అంచున ఎనామెల్ రంగు మిగిలియున్నచో, దానిపై నున్న అక్రిలిక్ పొర ఒకనాటికి ఉల్లిపొరవలె లేచును.

చెడిన బొమ్మ విషయము

ఇట్లు చెడుచున్న బొమ్మ ఇంట నున్నవారు మొట్టమొదట చేయవలసిన పని దానిని ఛాయాచిత్రము తీయుట. ఎండ సూటిగా పడని పగటి వెలుతురున, కెమెరాను బొమ్మకు ఎదురుగా నిలిపి, మొత్తము నొకసారియు, ముఖమును దగ్గరగా నొకసారియు తీసి, ఆ చిత్రములను రెండు వేరు చోట్ల దాచవలెను. ఆధారమైన పాత ఛాయాచిత్రము పోయిన ఇంట ఇక ఆ రూపమునకు ఇదియే సాక్ష్యము.

పిదప పలకను గోడనుండి దింపి, ముఖము పైకి వచ్చునట్లు పొడిగదిలో పరుండబెట్టవలెను. వంగిన పలకపై బరువులు పెట్టరాదు, ఎండలో ఉంచరాదు. వెనుక బద్దలు బిగించియున్నచో వాని మేకులను పెకలించుటకు తొందరపడరాదు. ఆ అదురునకు లేచియున్న రంగు రాలిపోవచ్చును. లేచిన పొరను గోటితో తాకరాదు, ఇంటనున్న బంకతో అతికింపరాదు, పైన వార్నీషు పూయరాదు. ఎంతో విలువైనదని తలచినచో హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమువంటి సంస్థలలో సంరక్షణ విభాగములు కలవు. అట్టి పని తెలిసినవారి సలహా పొందుట మంచిది. లేనిచో ఉన్నదానిని ఉన్నట్లు కాపాడుకొని, ఛాయాచిత్రము నాధారముగా చేసికొని, మంచి పలకపై మరల వ్రాయుట మేలు. ఆ మంచి పలకను సిద్ధపరచు క్రమము నిక వివరింతుము.

పలకను ఎంచుట

మొదటిసారి వ్రాయువారికి ప్లైవుడ్ అనుకూలము. అందులో పలుచని చెక్క పొరలను ఒకదాని నార నిలువుగాను, మరియొకదాని నార అడ్డముగాను ఉండునట్లు అతికింతురు. ఒక పొర పెరుగబోయినచో రెండవది అడ్డుకొనును; కావున కదలిక మిక్కిలి తగ్గును. అడుగున్నర, రెండడుగుల బొమ్మకు 9 గాని 12 గాని మిల్లీమీటర్ల మందము చాలును. పెట్టెలకు వాడు చౌకరకమును కొనరాదు. దాని లోపలి పొరలలో సందులుండును. తేమకు తాళు రకమును అడిగి తీసికొనవలెను. ఎం.డి.ఎఫ్. పలక మిక్కిలి నునుపు, దానికి నార లేదు; కాని అంచులనుండి నీరు త్రాగి ఉబ్బును గనుక అంచులకు పూత మరింత శ్రద్ధగా పూయవలెను.

నాటుచెక్కనే వాడదలచినచో వెడల్పు తక్కువగా నున్న పలకను, నార తిన్నగా నున్నదానిని, కన్నులు లేనిదానిని ఎంచవలెను. పాత ఇంటి టేకు బాగుగా ఎండియుండుట దానికి గల గొప్ప లాభము. అయినను బొమ్మ ఏ గదిలో ఉండనున్నదో ఆ గదిలో పలకను రెండు వారములు ఉంచి, క్రింద పుల్లలు పెట్టి, అన్ని వైపుల గాలి ఆడనిచ్చి, అటుపిమ్మట పని మొదలిడవలెను. చెదపురుగు గాని, ముక్కపురుగు రంధ్రములు గాని ఉన్న చెక్కను ఇంటిలోనికి తేకుండుట మేలు.

పెద్ద పలకకు వెనుక చట్రము కావలసివచ్చును. ప్లైవుడ్ కు చట్రమును బంకతో అతికింపవచ్చును. నాటుచెక్కకు అడ్డబద్దలను అతికింపరాదు. బద్దలో మరకు పట్టు రంధ్రమును అడ్డముగా కొంచెము పొడవుగా చేసి, మరను మరీ బిగింపక, పలక జరుగుటకు చోటు విడువవలెను. మన వడ్రంగులు తలుపు పలకలను చట్రపు గాడిలో బంక లేకుండ కూర్చుట ఈ కారణముచేతనే.

పాత రంగు: ఒక హెచ్చరిక

పాత తలుపులను వాడువారు ఈ భాగమును శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాము. పూర్వపు ఎనామెల్ రంగులలో సీసము ఉండెడిది. గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమమును మన ప్రభుత్వము 2016లో చేసినది. అది 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. కావున అంతకు ముందటి తలుపుపై నున్న రంగులో సీసమున్నదనియే తలచి మెలగుట క్షేమము. ఆ రంగును పొడిగా రాచినచో లేచు ధూళి ఊపిరితోను, చేతులతోను లోనికి పోవును. పసిపిల్లల మెదడునకు సీసము చేయు హాని తీరనిది.

అందుచేత అట్టి పలకను పొడిగా రాయరాదు, మంటతో కాల్చరాదు, యంత్రముతో చిత్రిక పట్టింపరాదు. వాడక తప్పనిచో, పిల్లలును గర్భిణీ స్త్రీలును లేని చోట, ఆరుబయట, ముక్కునకు ఎన్95 ముసుగు ధరించి, తలమును తడుపుచు గీకి, వచ్చిన పొట్టునంతను పాత కాగితములో మూటగట్టి పారవేయవలెను. పిదప చేతులును బట్టలును ఉతికికొనవలెను. రంగు పూయని వేరొక ముక్క దొరకినచో దానిని వాడుటయే అన్నిటికంటె మేలు. రంగు లేని చెక్కను రాచునపుడు సైతము ముసుగు అవసరమే. చెక్కధూళి కాన్సరునకు కారణమగునని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే నిర్ణయించినది. టేకు పొడికి కొందరి ఒడలు దురదలెత్తుటయు కలదు.

నునుపు, శుభ్రము

చిత్రిక పట్టిన పలకను ఉప్పుకాగితముతో, అనగా సాండ్‌పేపరుతో, నార వెంబడి రాయవలెను. మొదట 80 నంబరు, తరువాత 120, చివర 220. అంతకుమించి నున్నగా చేసినచో పూతకు పట్టు తగ్గును. అంచులను, మూలలను కొంచెము గుండ్రముగా చేయవలెను. వాడియైన అంచున పూత పలుచబడి, మొట్టమొదట అక్కడనే లేచును. మేకు రంధ్రములను, చిన్న సందులను రంపపు పొట్టును వడ్రంగులు వాడు తెల్లబంకలో కలిపిన లప్పముతో నింపి, ఎండిన పిదప రాయవలెను.

ఇచ్చట ఒక ప్రశ్న కలుగవచ్చును: చింతగింజల లప్పమునే వాడరాదా యని. పొడిచోట నుంచు చిన్న బొమ్మకు నిస్సంశయముగా వాడవచ్చును. కాని చింతగింజల ముద్ద నీటికి మెత్తబడును; అక్రిలిక్ లోని నీరు దానిని మరల కదిలింపగలదు, తేమలో బూజు పట్టగలదు. కావున దానిని వాడినచో పైన మూయు పూత తప్పనిసరి.

రాచిన పొట్టును పొడిబట్టతో తుడిచి, తరువాత తడిపి గట్టిగా పిండిన బట్టతో తుడువవలెను. టేకులో సహజముగా నూనె కలదు; దానిని తొలగించుటకు స్పిరిట్ లో తడిపిన బట్టతో తుడిచి, ఆరిన వెంటనే, అదే దినమున, మొదటి పూత పూయవలెను. ఆలస్యమైనచో లోపలి నూనె మరల పైకి వచ్చును. స్పిరిట్ వాడునపుడు దీపము గాని, పొయ్యి గాని దగ్గర నుండరాదు.

మూయు పూత

నకాషీ గంజితో చేయు పనిని మనము ఇచ్చట అక్రిలిక్ మీడియముతో చేయుదుము. ఇది రంగుపొడి లేని అక్రిలిక్. చిత్రసామగ్రి అంగళ్లలో దొరకును. చెక్కకు వేయు నీటిజాతి పారదర్శక వార్నీషును సైతము కొందరు వాడుదురు. మిక్కిలి మెరయు రకము గాక, మెరుపు లేని రకమును తీసికొనవలెను. నూనెజాతి ప్రైమరును, ఎనామెల్ ను వాడరాదు.

ముందు, వెనుక, నాలుగు అంచులు — ఆరు ముఖములకును ఈ పూత రెండుసార్లు పూయవలెను. కోసిన నార కొసలు కనబడు అంచులు నీటిని అధికముగా త్రాగును గనుక అచ్చట మూడవమారు పూసినను తప్పులేదు. మొదటి పూతకు చెక్క నార లేచి చేతికి గరుకుగా తగులును. ఎండిన పిదప 220 నంబరు కాగితముతో తేలికగా రాచి, రెండవ పూత పూయవలెను. పిదప కనీసము ఒక దినము, వీలైనచో మూడు దినములు విడువవలెను. మరకను ఆపునది ఈ పూతయే. దీనిని విడిచి జెస్సో ఎన్ని పూతలు పూసినను మరక వాని గుండ పైకి రాగలదు. మన శ్రోతగారు తెల్లరంగు పూయకపోలేదు. దాని క్రింద ఈ పూత పూయలేదు.

తెల్లపూత

జెస్సోలో అక్రిలిక్ పాలు, సుద్దపొడి, టైటానియము తెలుపు కలిసియుండును. నకాషీ పూతలోని బంక, సుద్ద ఇవియే యనుకొనవచ్చును. మొదటి పూతకు కొంచెము నీరు, అనగా పది పాళ్లకు ఒక పాలు కలిపి, వెడల్పైన కుంచెతో ఒకే దిక్కునకు పూయవలెను. ఆరిన పిదప రెండవ పూతను దానికి అడ్డముగా పూయవలెను. ఇట్లు మూడు నాలుగు పలుచని పూతలు పూయవలెను. ఒకే దట్టమైన పూత పూసినచో పైపొర ముందు ఎండి, లోపల ఎండక, సన్నని బీటలు పడును. పూతకు పూతకు నడుమ సన్నని కాగితముతో తేలికగా రాచి, పొడి తుడువవలెను.

వెనుకవైపునకును అన్ని పూతలు పూయుట ఉత్తమము. తెల్లరంగు కానక్కరలేదు, మిగిలిన అక్రిలిక్ రంగు ఏదైనను చాలును. త్రాసులో రెండు తట్టలును సమముగా నుండవలెను గదా! ముందు వెనుకల పూత సమముగా నున్న పలక తేమకు ఒక దిక్కునకు లాగబడదు.

వ్యయము తగ్గించుకొనుటకు గోడలకు వేయు నీటిజాతి ప్రైమరును వాడవచ్చునా యని కొందరు అడుగుదురు. అభ్యాసమునకు వాడుకొనవచ్చును. అందులో బంక తక్కువ, పొడి ఎక్కువ. కావున ఇంటిలో తరతరములు ఉండవలెనని తలచు బొమ్మకు అది తగదు.

కాలమును గమనించుట

అక్రిలిక్ పొర ఏర్పడుట నీరు ఆరుటపై ఆధారపడును గనుక మన ఋతువులు ఈ పనిలో పాలుపంచుకొనును. మే మాసపు మధ్యాహ్నమున పూత కుంచె క్రిందనే ఎండి గీతలు పడును. అపుడు తెల్లవారుజామున పని చేయుట మంచిది. పంకా గాలి సూటిగా తగులనీయరాదు. ముసురు పట్టిన దినములలో పూత పైకి ఎండినట్లున్నను లోపల తడి యుండును. అట్టి కాలమున పూతకు పూతకు నడుమ గడువును రెట్టింపు చేయవలెను. సంక్రాంతికిని హోలీకిని నడుమ దినములు మన ప్రాంతమున ఈ పనికి మిక్కిలి అనుకూలము.

ఎండిన అక్రిలిక్ పొర వేడికి మెత్తబడును. వేసవిలో రెండు బొమ్మలను ముఖాముఖిగా పెట్టినను, పైన వార్తాపత్రిక చుట్టినను, అద్దము తాకునట్లు బిగించినను అతుకుకొనును. చట్రములో అద్దమునకును బొమ్మకును నడుమ సందు విడువవలెను. వానజల్లు తగులు గోడకును, వంటయింటి ఆవిరి తగులు గోడకును బొమ్మను తగిలింపరాదు. తగిలించిన చోట సైతము వెనుక చిన్న బిరడాలు పెట్టి గాలి ఆడనీయవలెను.

పరీక్షించుట

పలక సిద్ధమైనదని తలచినపుడు, అదే చెక్కపై అదే క్రమమున పూసిన చిన్న ముక్కను పరీక్షించుట మంచిది. కావుననే ఆది నుండియు ఒక తుంటను పలకతోపాటు పూయవలెనని మా సలహా. పరీక్షలు రెండు. ఆ తుంటపై దట్టముగా తెల్ల అక్రిలిక్ రంగు పూసి వారము దినములు ఉంచవలెను. పసుపు పొడసూపినచో మూయు పూత చాలలేదని యర్థము. పలకకు ఇంకొక పూత పూయవలెను. తరువాత పదునైన బ్లేడుతో పూతలో సన్నని గీతలు నిలువుగాను అడ్డముగాను గీసి, అంటుటేపును గట్టిగా అదిమి, ఒక్క లాగున తీయవలెను. టేపుతో తెల్లని పెచ్చులు వచ్చినచో అడుగున నూనెయో, పొట్టో, పాత ఎనామెలో మిగిలియున్నది. రాచి మరల ఆరంభింపవలెను. ఏమియు రానిచో నిస్సందేహముగా బొమ్మ వ్రాయవచ్చును. చివరి జెస్సో పూత పూసిన పిదప ఒక దినమైన ఆగి కుంచె పట్టవలెను.

లెక్క వేసి చూచినచో ఈ పనికంతకు పది పదిహేను దినములు పట్టును. అందులో చేతిపని మాత్రము నాలుగైదు గంటలకు మించదు. మిగిలినదంతయు ఎండుటకు వేచియుండు కాలమే. చేర్యాల నకాషీ మూడవ పూత ఆరువరకు గీత గీయడు. మనకును అంతటి ఓపిక అవసరము.

తుదకు చిన్న పని యొకటి. పలక వెనుక పెన్సిలుతో ఆ చెక్క ఏ జాతిదో, ఏ ఇంటిదో, మూయు పూత ఏదియో, జెస్సో ఎన్ని పూతలో, ఏ తేదీన పూసినదియు వ్రాయవలెను. బొమ్మ ఎవరిదో ఆ పేరును వ్రాయవలెను. ఏబది యేండ్లకు ఆ బొమ్మను బాగుచేయ బూనినవారికి ఈ నాలుగు పంక్తులు ఎంతో తోడ్పడును. ఆ ఇంటి మనుమలకు ఆ పేరు తెలిసియుండును.